రద్దు చేయరు, ఊపిరి తగ్గిస్తారు: సమానత్వ, మానవ హక్కుల కమిషన్ల నిధుల సంగతి

లీడ్స్ వాసి

అందరికీ నమస్కారం. బ్రిటన్‌లో సమానత్వ, మానవ హక్కుల కమిషన్ అని ఒక ప్రభుత్వ సంస్థ ఉంది. 2006 సమానత్వ చట్టం కింద ఏర్పడి, 2007 అక్టోబరు 1న పని మొదలుపెట్టింది. అంతకు ముందు జాతి వివక్షకు ఒకటి, స్త్రీ పురుష సమానావకాశాలకు ఒకటి, వికలాంగుల హక్కులకు ఒకటి చొప్పున మూడు సంస్థలు ఉండేవి. మూడింటినీ కలిపి, వయసు, మతం, లైంగికత లాంటి కొత్త బాధ్యతలు కూడా దీని నెత్తిన పెట్టారు.

మొదటి ఏడాది బడ్జెట్ సుమారు 7 కోట్ల పౌండ్లు. 2010లో పొదుపు ప్రభుత్వం వచ్చాక కోతలు మొదలయ్యాయి. ఏటా తగ్గుతూ తగ్గుతూ చివరికి 1.71 కోట్ల పౌండ్ల దగ్గర ఆగింది. ఆగడమంటే నిజంగానే ఆగిపోయింది. కరెంటు ఛార్జీలు పెరిగాయి, అద్దెలు పెరిగాయి, జీతాలు పెరిగాయి, ఈ అంకె మాత్రం ఏళ్ల తరబడి అక్కడే ఉంది. సిబ్బంది సగానికి పైగా తగ్గిపోయారు.

మా ఆఫీసులో ఎవరిని అడిగినా ఈ విషయం తెలియదు. సంస్థను మూసేస్తే పత్రికల్లో పతాక శీర్షిక అయ్యేది. పద్దు తగ్గించారు కాబట్టి లోపలి పేజీలో కూడా రాలేదు. మన తెలుగు రాష్ట్రాల్లో కమిషన్ల పరిస్థితి ఎలా ఉందో తెలిసినవాళ్లు చెబుతారని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

కోనసీమ

అన్నగారూ, ఏమీ అనుకోవద్దు. అక్కడి కమిషన్‌కు డబ్బు తగ్గితే అమలాపురంలో ఉన్న నాకు ఏమిటి నష్టం? ఇక్కడ పంచాయతీకి రావాల్సిన నిధులే రావడం లేదు.

లీడ్స్ వాసి

న్యాయమైన ప్రశ్నే. మన వాళ్లకు నేరుగా తగిలే ఒక సంగతి చెబుతాను.

కుల వివక్షను ఇక్కడి సమానత్వ చట్టంలో చేర్చాలని 2013లో పార్లమెంటు ప్రభుత్వానికి బాధ్యత పెట్టింది. దక్షిణాసియా నుంచి వచ్చినవాళ్ల మధ్య ఇక్కడ కూడా కులం పనిచేస్తోందన్నది దళిత సంఘాల వాదన. ఈ విషయం మీద నిపుణుల చేత అధ్యయనం చేయించి 2014లో నివేదికలు ప్రచురించింది ఈ కమిషనే. ప్రభుత్వం సంప్రదింపుల పేరుతో కాలం గడిపి, 2018లో చట్టంలో ప్రత్యేకంగా చేర్చనవసరం లేదని తేల్చింది. అంతకు ముందు, 2014 చివర్లో, ఒక ఇంటి పనిమనిషి కేసులో ఉద్యోగ వివాదాల అప్పీలు ట్రిబ్యునల్ చెప్పిన మాట ఒకటుంది: పుట్టుక, వంశం కిందికి వచ్చే మేరకు కులం కూడా జాతి అన్న నిర్వచనంలోకి రావచ్చని. ఆ తీర్పు చాలునట.

అంటే చట్టంలో స్పష్టంగా రాసి లేదు, కేసు వేసి నిరూపించుకోవాలి. కేసు వేయాలంటే డబ్బు కావాలి. రెస్టారెంటు వంటగదిలోనో సంరక్షణ గృహంలోనో పనిచేసే మన మనిషి దగ్గర ఆ డబ్బు ఉండదు. అలాంటివాళ్ల వెనక నిలబడి, పదిమందికి ఉపయోగపడే కేసును పై కోర్టు దాకా నడిపించే అధికారం ఉన్నది ఈ కమిషన్‌కు. దాని జేబుకు చిల్లు పడితే ఎవరు నష్టపోతారో మీరే ఆలోచించండి.

లెక్కల పంతులు

నేను రెండో వైపు మాట్లాడతాను. ఎవరో ఒకరు మాట్లాడాలి కదా.

ఆ బ్రిటన్ సంస్థ ఏమంత సుద్దపూస కాదు. మొదటి ఏళ్లలో దాని లెక్కలను ప్రభుత్వ ఆడిటర్లు అభ్యంతరాలు లేకుండా ఆమోదించలేకపోయారు. పాత సంస్థల నుంచి పరిహారం తీసుకుని తప్పుకున్న కొందరినే మళ్లీ కన్సల్టెంట్లుగా తెచ్చుకున్నారు. పార్లమెంటు పద్దుల సంఘం తలంటింది. పైగా 7 కోట్ల నుంచి 1.71 కోట్లకు అన్న పోలికలో ఒక మెలిక ఉంది. మొదట్లో సహాయ ఫోను కేంద్రమూ, స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లూ ఇదే చూసేది. తర్వాత ఆ పనులు తీసేశారు. పని తీసేసి డబ్బు తీసేస్తే దాన్ని మొత్తంగా కోత అనవచ్చా?

ఇక మన కమిషన్లంటారా, సిఫారసు చేయడం తప్ప చేసేదేమీ లేదు. 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టం 18వ సెక్షన్ చదవండి. ప్రభుత్వం ఒప్పుకుంటే ఒప్పుకుంటుంది, లేదంటే ఫైలు అటకెక్కుతుంది. రిటైరైన న్యాయమూర్తులకు ఒక కారు, ఒక బంగళా, ఒక బోర్డు. ఆ డబ్బు జిల్లా న్యాయసేవాధికార సంస్థలకు ఇస్తే కనీసం వకీలు దొరుకుతాడు.

లీడ్స్ వాసి

పంతులు గారూ, ఆడిట్ సంగతి నిజమే, కాదనను. కానీ ఆ ఫోను కేంద్రం సంగతి మీరు తేలిగ్గా తీసేశారు. దాన్ని 2012లో కమిషన్ చేతుల్లోంచి తీసి బయటి కాంట్రాక్టుకు ఇచ్చారు. 2016లో ఆ కాంట్రాక్టు జీ4ఎస్ అనే ప్రైవేటు భద్రతా సంస్థకు వెళ్లింది. అప్పట్లో జైళ్లూ, వలస నిర్బంధ కేంద్రాలూ నడిపిన సంస్థ! వివక్షకు గురైనవాడు ఫోను చేస్తే ఎత్తింది వాళ్లు.

అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి. ఏ ఊళ్లో, ఏ రంగంలో, ఎలాంటి వివక్ష జరుగుతోందో కమిషన్‌కు నేరుగా తెలిసేది ఆ ఫోన్ల వల్లే. ఆ వారం అద్దె ఇళ్ల గురించి ఎక్కువ ఫోన్లు వస్తే అటు చూసేది. ఇప్పుడు ఆ సమాచారం వేరొకరి దగ్గర చేరి, వడపోత అయి ఇటు రావాలి. పని తగ్గింది కాబట్టి డబ్బు తగ్గించామంటారు. ఆ పని లేకపోతే మిగిలిన పని కూడా గుడ్డిగా చేయాల్సి వస్తుంది.

నల్లకోటు

హైదరాబాద్‌లో వకీలును. పంతులు గారి మాటలో సగం ఒప్పుకుంటాను. సిఫారసుకు కట్టుబడే బాధ్యత ప్రభుత్వానికి లేదు. కానీ సిఫారసు ఒక్కటే కమిషన్ పని అనుకోవడం దగ్గర మీరు దారి తప్పారు.

ఒక ఉదాహరణ. పోలీసు కస్టడీలోనో జైల్లోనో మనిషి చనిపోతే 24 గంటల్లోగా జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలియజేయాలి. ఇది 1993 డిసెంబరులో కమిషన్ పెట్టిన నియమం. కమిషన్ పుట్టి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. తర్వాత శవపరీక్షను వీడియో తీయాలన్నారు. ఈ రెండూ ఏ చట్టసభా చేయలేదు. ఈ రోజు ఏ లాకప్ మరణం కేసులో వాదించినా మేము మొదట అడిగే కాగితాలు ఇవే: సమాచారం ఎప్పుడు పంపారు, వీడియో ఎక్కడ. న్యాయసేవాధికార సంస్థ వకీలును ఇస్తుంది, నిజమే. ఆ వకీలు చేతిలో పట్టుకోవడానికి కాగితం ఉండాలంటే ఎవరో ఒకరు అడిగే వ్యవస్థ ముందు ఉండాలి.

అడిగే వ్యవస్థ కూడా దగ్గరలో ఉండాలి. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర దిశ కేసు నిందితులు నలుగురు ఎన్‌కౌంటర్లో చనిపోయారు. తెల్లారేసరికి వచ్చిన బృందం ఢిల్లీది, జాతీయ కమిషన్ది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది 2014 జూన్‌లో. రాష్ట్రానికి సొంత మానవ హక్కుల కమిషన్ కుదిరింది 2019 డిసెంబరులో, ఈ సంఘటన తర్వాత కొద్ది రోజులకు. అయిదున్నర ఏళ్లు!

ఓరుగల్లు

కుదిరిన కమిషన్ ఎన్నాళ్లు ఉందో కూడా చెప్పండి వకీలు గారూ.

నల్లకోటు

చెబుతాను. 2019 సవరణతో పదవీకాలం అయిదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గింది. ఛైర్మన్, సభ్యులు ఒకేసారి వచ్చారు కాబట్టి 2022 డిసెంబరులో ఒకేసారి దిగిపోయారు. ఛైర్మన్ లేకపోతే ఒక సభ్యుణ్ని తాత్కాలికంగా కూర్చోబెట్టే వీలు చట్టంలో ఉంది. జాతీయ కమిషన్‌లో 2024 జూన్‌లో ఛైర్మన్ కుర్చీ ఖాళీ అయినప్పుడు మన తెలంగాణ ఆడపడుచు విజయభారతి సయాని గారే సభ్యురాలిగా ఉండి తాత్కాలిక అధ్యక్షురాలిగా డిసెంబరు దాకా నడిపారు. ఇక్కడ అలా కూర్చోబెట్టడానికి ఒక్క సభ్యుడు కూడా మిగలలేదు. కొత్త ఛైర్మన్‌గా జస్టిస్ షమీమ్ అఖ్తర్ గారు వచ్చింది 2025 ఏప్రిల్‌లో. లెక్క వేసుకోండి, రెండేళ్ల నాలుగు నెలలు.

ఇప్పుడు అసలు విషయం. అదే చట్టంలో 36వ సెక్షన్ రెండో ఉపవిభాగం ఏమంటుందంటే, ఉల్లంఘన జరిగిన రోజు నుంచి ఏడాది దాటితే కమిషన్ ఆ విషయాన్ని విచారించరాదు. కుర్చీ ఖాళీగా ఉన్నది ఏడాది కంటే ఎక్కువ. 2023 జనవరిలో ఎవరికైనా అన్యాయం జరిగితే, విచారించేవాళ్లు వచ్చేసరికి గడువు రెండుసార్లు దాటిపోయింది. ఎవరూ ఫిర్యాదును తిరస్కరించలేదు. ఎవరూ సంతకం పెట్టలేదు. గడియారమే కొట్టేసింది.

కోనసీమ

ఇది నాకు తెలియదు. ఇంత పని ఒక్క ఖాళీ కుర్చీ చేస్తుందా!

లెక్కల పంతులు

ఖాళీలు వేరు, నిధుల కోత వేరు. చర్చ శీర్షిక నిధుల గురించి.

పాత గుమాస్తా

వేరు కాదు పంతులు గారూ. చాలా ఏళ్లు ఒక కమిషన్‌లో ఇన్‌వర్డ్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఏ కమిషనో, ఏ రాష్ట్రమో చెప్పను, అక్కడ ఇంకా నా స్నేహితులు ఉన్నారు. లోపల డబ్బు ఎలా ఆగుతుందో మాత్రం చెబుతాను.

బడ్జెట్ పుస్తకంలో మా పద్దు ఏటా కనిపించేది, తగ్గినట్టు కూడా ఉండేది కాదు. పుస్తకం చూసి ఎవరూ కోత అనలేరు. కానీ డబ్బు విడతలుగా విడుదల కావాలి. మొదటి విడత వస్తే రెండోది రాదు. విడుదల ఉత్తర్వు వచ్చినా బిల్లు ట్రెజరీలో ఆగుతుంది. జీతాల బిల్లు ఎలాగో పాసవుతుంది. ఆగేవి ఇతర ఖర్చులు. ఇతర ఖర్చులంటే మీకు చిన్నవిగా అనిపిస్తాయి. మా దగ్గర ఇతర ఖర్చులంటే తపాలా బిళ్లలు, జిరాక్సు కాగితం, విచారణకు వెళ్లే బండికి డీజిలు.

ఒక ఫిర్యాదు వస్తే నంబరు వేసి, జిల్లా అధికారికి నోటీసు పంపాలి. నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లాలి. బిళ్లలు లేవు. సెక్షన్ అధికారి ఏం చేసేవారంటే, ఒకే జిల్లాకు వెళ్లే నోటీసులన్నీ పోగయ్యే దాకా ఆపి, ఒకే కవరులో పెట్టి పంపేవారు. ఆదిలోనే ఇరవై రోజులు. సమాధానం రాకపోతే గుర్తు చేస్తూ మరో ఉత్తరం. దానికి మళ్లీ బిళ్లలు. ఫిర్యాదుదారు మాత్రం మా గుమ్మం దగ్గర నిలబడి ‘నా కాగితం ఏమైంది సార్’ అని అడుగుతాడు. కాగితం పద్ధతిగానే ఉంది, కదలడానికి పైసలు లేవు అని ఎలా చెప్పను?

సిబ్బంది సంగతి ఇంకా విచిత్రం. మంజూరైన పోస్టుల్లో చాలావరకు డెప్యుటేషన్ మీద వచ్చినవాళ్లే. మిగిలినవి అవుట్‌సోర్సింగ్. దర్యాప్తు విభాగంలో ఉండేది పోలీసు శాఖ నుంచి అప్పు తెచ్చుకున్నవారు. మూడేళ్ల తర్వాత ఆయన మళ్లీ అదే శాఖకు వెళ్లాలి, అదే పై అధికారి దగ్గర నిలబడాలి. అలాంటి మనిషి స్టేషన్‌కు వెళ్లి ఏ రిపోర్టు రాస్తాడో మీ ఊహకే వదిలేస్తున్నాను. మంచివాళ్లు లేరని కాదు. ఒకాయన నిజంగా గట్టిగా రాశాడు. తర్వాత ఆయన పదోన్నతి గురించి మా సెక్షన్‌లో చాలా కాలం మాట్లాడుకున్నాం.

నల్లకోటు

గుమాస్తా గారు చెప్పిన పోలీసు దర్యాప్తు సమస్య అంతర్జాతీయంగానూ వచ్చింది. జాతీయ కమిషన్లకు గుర్తింపునిచ్చే ప్రపంచ సంస్థ మన జాతీయ కమిషన్ గుర్తింపు పునరుద్ధరణను 2023లో వాయిదా వేసింది, 2024లో మళ్లీ వేసింది. చెప్పిన కారణాల్లో ఒకటి ఇదే: పోలీసుల మీద ఫిర్యాదుల్ని పోలీసు అధికారులే దర్యాప్తు చేయడం. సొంత సిబ్బందిని పెట్టుకోవాలంటే డబ్బు కావాలి. 1993లో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ ఆమోదించిన పారిస్ సూత్రాల్లో ఈ ముక్క నేరుగా ఉంది. కమిషన్‌కు తన సొంత సిబ్బంది, సొంత భవనం ఉండేంత నిధులు ఇవ్వాలి, ప్రభుత్వం ఆర్థిక పట్టుతో దాన్ని ఆడించకూడదు అని.

మన చట్టం 32, 33 సెక్షన్లు ఏమంటున్నాయంటే, ప్రభుత్వం ‘తగినదని భావించిన’ మొత్తాన్ని గ్రాంటుగా ఇస్తుంది. తగినదని భావించేది ఎవరు? ఎవరి మీద ఫిర్యాదులు వస్తున్నాయో ఆ ప్రభుత్వమే.

కర్నూలు కొండారెడ్డి బురుజు

మా ఊరి ముచ్చట ఎవరూ ఎత్తలేదేమిటి? ఆంధ్రప్రదేశ్ మానవ హక్కుల కమిషన్‌ను 2021లో హైదరాబాద్ నుంచి కర్నూలుకు తెచ్చారు. న్యాయ రాజధాని అన్నారు. మాకు సంతోషమే, కాదనను, రాయలసీమకు ఏదో ఒకటి వచ్చింది. కానీ ఇచ్ఛాపురం నుంచి వచ్చే మనిషి గురించి ఆలోచించండి. రాష్ట్రం ఆ చివర నుంచి ఈ చివరకు. రైల్లో ఒక రాత్రి, ఒక పగలు. ఫిర్యాదు తపాలాలో పంపవచ్చు గానీ, హాజరు కావాలంటే కూలి పోగొట్టుకుని రావాలి.

కార్యాలయాన్ని మార్చినప్పుడు జిల్లాల్లో శిబిర విచారణలు పెట్టడానికి డబ్బు కూడా ఇచ్చి ఉంటే ఈ మాట అనను. దూరం కూడా ఒక రకం కోతే.

ఓరుగల్లు

అయినా మన దగ్గర కుర్చీలు ఖాళీ అయ్యాయి, సంస్థ పేరు మిగిలింది. జమ్మూ కశ్మీర్‌లో ఏకంగా సంస్థనే ఎత్తేశారు. 2019 అక్టోబరు 31న రాష్ట్రం కేంద్రపాలిత ప్రాంతాలుగా మారిన రోజున మానవ హక్కుల కమిషన్, మహిళా కమిషన్, సమాచార కమిషన్, ఇంకో నాలుగు కలిపి ఏడింటిని రద్దు చేశారు. అక్కడ పెండింగులో ఉన్న ఫైళ్ల సంగతి ఎవరు చూస్తారు?

ఇక్కడ తెలంగాణలో సమాచార కమిషన్ అయితే 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా ఒక్క కమిషనర్ కూడా లేకుండా ఉంది. నేను గతంలో సమాచార హక్కు కింద దరఖాస్తులు పెట్టేవాణ్ని. రెండో అప్పీలు వినేవాళ్లే లేనప్పుడు కింది అధికారికి భయం ఏముంటుంది? ‘పైకి వెళ్లండి’ అని నవ్వుతూ చెబుతారు.

డాలస్ పద్మ

ఆలస్యంగా వచ్చాను, అంతా చదివాను. ఖాళీ కుర్చీల కథ ఇక్కడ అమెరికాలోనూ నడిచింది. ఉద్యోగాల్లో వివక్షను చూసే ఫెడరల్ కమిషన్‌లో అయిదుగురు ఉండాలి, కనీసం ముగ్గురు ఉంటేనే కోరం. 2025 జనవరిలో కొత్త అధ్యక్షుడు ఇద్దరు కమిషనర్లను తీసేశారు. కోరం పోయింది. అక్టోబరు దాకా తిరిగి రాలేదు. కమిషన్ మూతపడలేదు. రోజువారీ ఫిర్యాదులు తీసుకుంటూనే ఉన్నారు. కానీ కొత్త విధానం చేయాలన్నా, కమిషన్ ఓటు అవసరమయ్యే పెద్ద కేసు వేయాలన్నా అన్నాళ్లూ కుదరలేదు. ఇక్కడా గడువులు ఉంటాయి, 180 రోజులు, చాలా రాష్ట్రాల్లో 300. మనం కోరం కోసం ఆగవచ్చు, గడువు ఆగదు.

విద్యాశాఖలో పౌర హక్కుల కార్యాలయం అని ఇంకొకటుంది. బడిలో పిల్లల మీద జాతి, వైకల్యం కారణంగా వివక్ష జరిగితే ఉచితంగా ఫిర్యాదు చేసే చోటు. పన్నెండు ప్రాంతీయ కార్యాలయాల్లో ఏడింటిని 2025 మార్చిలో మూసేశారు. అందులో డాలస్ ఒకటి. ఇక్కడ ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో చుట్టూ ఎంతమంది తెలుగువాళ్లు ఉన్నారో అందరికీ తెలుసు. ఆటిజం ఉన్న పిల్లల తల్లులం కొందరం నెలకోసారి కలుసుకుంటాం. బడితో పేచీ వస్తే ‘పౌర హక్కుల కార్యాలయానికి రాస్తాం’ అన్న ఒక్క మాటతో సగం పనులు అయ్యేవని పాతవాళ్లు చెబుతారు. రాసేదాకా కూడా వెళ్లేది కాదు. ఇప్పుడు ఆ మాట అంటే బడివాళ్లు ‘అలాగే రాయండి’ అంటున్నారు.

లెక్కల పంతులు

పద్మ గారి చివరి వాక్యం నన్ను ఆలోచనలో పడేసింది. ఫిర్యాదుల సంఖ్య, తీర్పుల సంఖ్య చూసి సంస్థ విలువ కట్టేవాణ్ని నేను. రాయకుండానే తీరిన పేచీలు ఏ లెక్కలోనూ రావు.

అయినా నా మొదటి ప్రశ్న వదలను. డబ్బు పెంచితే పని పెరుగుతుందని హామీ ఏమిటి? వందల కోట్లు ఇచ్చి మేలైన కుర్చీలు కొన్న సంస్థలు నాకు తెలుసు.

లీడ్స్ వాసి

హామీ ఇవ్వలేను. డబ్బు ఉన్నప్పుడు ఏం చేయగలిగిందో ఒకటి చెబుతాను, ఇక్కడికి దగ్గరలోనే జరిగింది.

2012 ఫిబ్రవరిలో చక్రాల కుర్చీ వాడే ఒక ప్రయాణికుడు వెదర్‌బీ నుంచి మా లీడ్స్‌కు బస్సు ఎక్కబోయాడు. చక్రాల కుర్చీకి కేటాయించిన జాగాలో ఒకామె పిల్లవాడి తోపుడు బండి పెట్టుకుని ఉంది, పిల్లవాడు నిద్రలో ఉన్నాడు. డ్రైవరు జరగమని అడిగాడు. బండి మడవడం కుదరదని ఆమె జరగలేదు. డ్రైవరు భుజాలెగరేశాడు. ప్రయాణికుడు తర్వాతి బస్సుకు వచ్చి, లీడ్స్‌లో రైలు అందుకోలేకపోయాడు. అంతే సంఘటన. బస్సు కంపెనీ నియమం ఏమిటంటే, అడుగుతాం, వినకపోతే మేమేం చేయలేం.

కింది కోర్టు ఆయనకు 5,500 పౌండ్లు ఇప్పించింది. అప్పీలు కోర్టు కొట్టేసింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది, 2017 జనవరిలో తీర్పు వచ్చింది. ఒకసారి అడిగి ఊరుకుంటే చాలదు, డ్రైవరు ఇంకాస్త గట్టిగా ప్రయత్నించాలి, అవసరమైతే బస్సును కాసేపు ఆపి ఒత్తిడి తేవాలి అన్నారు. నష్టపరిహారం మాత్రం ఆయన చేతికి రాలేదు. రైలు తప్పిన మనిషి అయిదేళ్ల పాటు మూడు కోర్టుల చుట్టూ సొంత డబ్బుతో తిరుగుతాడా? ఆయన వెనక కమిషన్ నిలబడింది. ఈ రోజు మా బస్సుల్లో డ్రైవరు మైకులో ప్రకటించి మరీ ఆ జాగా ఖాళీ చేయిస్తాడు.

ఇంకొకటి క్లుప్తంగా. 2013 జులై నుంచి ఉద్యోగ ట్రిబ్యునల్‌లో కేసు వేయాలంటే రుసుము పెట్టారు. వివక్ష కేసుకు మొత్తం 1,200 పౌండ్లు. కేసులు దాదాపు మూడింట రెండు వంతులు పడిపోయాయి. ఒక కార్మిక సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది, కమిషన్ కూడా జోక్యం చేసుకుని వాదించింది. 2017 జులైలో రుసుము చట్టవిరుద్ధమని కొట్టేశారు, కట్టినవాళ్లకు తిరిగి ఇచ్చారు.

పంతులు గారూ, ఇలాంటి కేసులు ఏడాదికి ఎన్ని చేపట్టాలన్నది ఆ 1.71 కోట్లే నిర్ణయిస్తాయి. చేపట్టనివి మీకూ నాకూ ఎప్పటికీ తెలియవు.

నిర్వాహకులు

ఇద్దరు సభ్యులు ఏ పార్టీ హయాంలో ఎక్కువ ఖాళీలు ఉన్నాయన్న వాదన మొదలుపెట్టారు. ఆ వ్యాఖ్యలు తొలగించాం. పైన చెప్పిన ఏళ్లు చూస్తే ఆ జాబితాలో ఎవరూ తప్పించుకోరు. విషయం మీద ఉండండి.

కోనసీమ

నల్లకోటు గారూ, ఖాళీలు నింపమని కోర్టుకు వెళ్లలేమా?

నల్లకోటు

వెళ్లారు. కస్టడీ హింస మీద డి.కె. బసు కేసు తెలుసు కదా, 1996 డిసెంబరులో అరెస్టు నియమాలు ఇచ్చిన కేసు. అదే కేసులో 2015 జులైలో సుప్రీంకోర్టు మళ్లీ ఆదేశాలు ఇచ్చింది. రాష్ట్ర కమిషన్లలో ఉన్న ఖాళీలు మూడు నెలల్లో నింపాలి, కమిషన్లే లేని రాష్ట్రాలు ఆరు నెలల్లో పెట్టాలి, ముందు ముందు ఖాళీ అయ్యే కుర్చీలు కూడా మూడు నెలల్లోపే నింపాలి. పదేళ్లు దాటింది. తెలంగాణలో 28 నెలల ఖాళీ ఆ ఆదేశం తర్వాతదే.

కోర్టు ఆదేశం ఉన్నా పని కాలేదంటే ఎవరైనా ధిక్కార పిటిషన్ వేయాలి. వేసేవారెవరు? కమిషన్ తన కుర్చీ కోసం తానే వేయలేదు, కుర్చీలో ఎవరూ లేరు. ప్రభుత్వం వేయదు. మిగిలింది మనలాంటి వాళ్లు. హైకోర్టుల్లో ప్రజాప్రయోజన వ్యాజ్యాలు అలా వేసినవే, కదిలిన నియామకాలు చాలావరకు వాటి పుణ్యమే.

నన్నడిగితే నియామకం కంటే ముందు అడగాల్సింది ఇది: పద్దు చట్టసభ నేరుగా మంజూరు చేయాలి, విడుదల కోసం సచివాలయం చుట్టూ తిరగకూడదు. హైకోర్టు పరిపాలన ఖర్చులు రాష్ట్ర సంచిత నిధి మీద, అంటే ప్రధాన ఖజానా మీద, నేరుగా పడతాయి. హక్కుల కమిషన్‌కు అదే ఎందుకు కుదరదో నాకు ఎవరూ చెప్పలేదు.

లెక్కల పంతులు

అది ఒప్పుకుంటాను. ఆడిట్ ఎలాగూ కాగ్ చేస్తుంది కాబట్టి దుబారా భయం తగ్గుతుంది. దానితో పాటు ప్రతి కమిషన్ ఏటా ఎన్ని సిఫారసులు చేసింది, ప్రభుత్వం ఎన్ని పాటించింది, ఎన్ని పక్కన పెట్టింది అన్నది చట్టసభ ముందు పెట్టాలి. ఆ నివేదిక సభకు పెట్టాలని చట్టంలో ఇప్పటికే ఉంది. ఏ ఏడాదిది ఏ ఏడాది వస్తోందో చూడండి.

ఓరుగల్లు

ఒక వ్యక్తిగత సందేహం. మా మేనమామ కొడుకు ఒక ప్రైవేటు హాస్టల్లో ఉంటూ గాయపడ్డాడు, స్థానిక పోలీసులు కేసు తీసుకోలేదు. జరిగి ఎనిమిది నెలలైంది. ఇప్పుడు కమిషన్‌కు రాయవచ్చా? వకీలు కావాలా? ఫీజు ఎంత?

నల్లకోటు

హాస్టల్ ప్రైవేటుదైనా పోలీసులు కేసు నమోదు చేయకపోవడం ప్రభుత్వ ఉద్యోగి నిర్లక్ష్యం కిందికి వస్తుంది. దాని మీద రాయండి. వకీలు అక్కరలేదు, ఫీజు లేదు. తెలుగులో, తెల్లకాగితం మీద రాసినా తీసుకుంటారు. ఏడాది దాటకముందే చేరాలి, మీకు నాలుగు నెలలే ఉన్నాయి. ఇదే విషయం మీద కోర్టులో గానీ మరో కమిషన్‌లో గానీ కేసు నడుస్తుంటే ఆ సంగతి దాచకండి, తర్వాత దాని మీదే కొట్టేస్తారు.

పాత గుమాస్తా

ఓరుగల్లు గారూ, ఇంకో రెండు మాటలు. సంఘటన తేదీని మొదటి వాక్యంలోనే రాయండి. ఇన్‌వర్డ్‌లో కూర్చున్న మనిషి మొదట వెతికేది అదే. పోలీసు స్టేషన్‌కు ఏ రోజు వెళ్లారు, ఎవరిని కలిశారు, ఏమన్నారు, వరసగా రాయండి, బాధ తర్వాత రాయండి. ఆసుపత్రి కాగితాల నకళ్లు జతచేయండి, అసలువి పంపకండి.

నేరుగా ఇవ్వగలిగితే వెళ్లి ఇవ్వండి. మీ దగ్గర ఉండే నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర లేదు, రేపు రండి అంటే రేపు వెళ్లండి గానీ ముద్ర లేకుండా రాకండి. తపాలాలో అయితే రసీదుతో కూడిన స్పీడ్ పోస్టు. ఫిర్యాదు నంబరు వచ్చాక ఇక్కడ చెప్పండి, తర్వాత ఏం చేయాలో చూద్దాం.

ఓరుగల్లు

సోమవారం వెళ్తున్నాం. మామయ్యను కూడా తీసుకెళ్తాను, తేదీలు ఆయనకే బాగా గుర్తు.